తేనెటీగ ఎందుకు చస్తుంది, తాబేలు గుంపుగా ఎందుకొస్తుంది: ఏ వివరణ ఎక్కడ వాడాలి

ఒడిశాలోని బరంపురంలో ప్లస్ టూ పిల్లలకి చాలా ఏళ్ళుగా బయాలజీ ట్యూషన్ చెప్తున్నాను. అందులో మొదటి కొన్నేళ్ళు ఒక తప్పు చెప్పాను, అదీ బోర్డు మీద రాసి, కింద గీత గీసి మరీ. "తేనెటీగ కుట్టి చచ్చిపోయేది తన జాతిని కాపాడుకోవడానికి." పిల్లలు రాసుకున్నారు, మార్కులూ తెచ్చుకున్నారు. ఒకరోజు గుణుపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు చెయ్యెత్తాడు. వాళ్ళ నాన్న పెట్టెల్లో తేనెటీగలు పెంచుతాడు. "సార్, జాతి కోసమే అయితే పూలు లేని రోజుల్లో ఒక పెట్టెలో ఈగలు పక్క పెట్టెలో దూరి తేనె ఎందుకు దోచుకుంటాయి? రెండూ ఒకటే జాతి కదా. ఆ టైంలో మా నాన్న పెట్టె ద్వారం సన్నం చేసేస్తాడు." నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

అప్పటినుంచి పాఠం చెప్పే తీరే మార్చేశాను. ఇలాంటి ప్రవర్తన కనిపిస్తే వివరణలు నాలుగైదు ఉన్నాయి, అన్నీ పేరున్నవే, ఏది తీసుకున్నా వినడానికి బాగానే ఉంటుంది, తిప్పలు వచ్చేది తప్పుచోట వాడినప్పుడే. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది మోసం చేస్తుందో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: బయాలజీలో పరోపకారం అంటే మంచి మనసు కాదు. మనసు ప్రసక్తే లేదు. ఒక జీవి చేసిన పని వల్ల దానికి పుట్టి బతికే పిల్లల లెక్క తగ్గి, వేరొకదానికి పెరిగితే దాన్ని పరోపకారం అంటారు, అంతే. కాబట్టి ప్రతిచోటా అడగాల్సినవి మూడే: ఖర్చు ఎవరిది, లాభం ఎవరికి, ఆ ఇద్దరినీ కలిపే తాడు ఏది? ఆ తాడు దొరక్కపోతే వివరణ తప్పన్నమాట.

ముందు ఇది చూడండి: అసలది పరోపకారమేనా?

నూటికి సగం సార్లు ఇక్కడే తేలిపోతుంది. ఋషికుల్య నది మొగ దగ్గర, పొడంపేట, గోఖర్‌కుడా ఊళ్ళ పక్కన ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయి. ఈ చోటు సంగతి సైన్సు వాళ్ళకి తెలిసింది 1994లో. 2025 ఫిబ్రవరిలో కొద్ది రోజుల్లోనే దాదాపు ఏడు లక్షల సార్లు గూళ్ళు పెట్టినట్టు లెక్క కట్టారు. కొన్నేళ్ళు అసలు రావు కూడా. రాత్రిపూట టార్చ్ లేకుండా నిలబడి చూస్తే ఇసుక నేల మొత్తం కదులుతున్నట్టు ఉంటుంది. ఒక తాబేలు వెనక రెక్కలతో కుండలాంటి గుంట తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ దబదబా అదిమి సముద్రంలోకి పోతుంది. పిల్లల మొహం మళ్ళీ చూడదు. మొదటిసారి చూసినప్పుడు నేనూ అనుకున్నాను, ఎంత ఐకమత్యం అని. పక్కన ఉన్న మన తెలుగు జాలరి ఒకాయన నవ్వాడు. "అయ్యి ఒకదాని కోసం ఒకటి రావు మాస్టారూ. ముందొచ్చిందాని గుడ్లు ఎనకొచ్చింది తవ్వి పారేస్తాది. అదేటి ప్రేమ?"

నిజమే, రెండో రాత్రి వచ్చిన తాబేలు మొదటి రాత్రి గూటిని తవ్వి పడేస్తుంది, పగిలిన గుడ్లు కాకులకీ కుక్కలకీ. ఐకమత్యమే అయితే ఈ పని చేయకూడదు. మరి గుంపుగా ఎందుకు? కుక్కలు, నక్కలు ఒక రాత్రి ఎన్ని గుడ్లని తినగలవు? ఒంటరిగా పెడితే దొరికిపోయేది నీ గూడే, లక్షల్లో ఒకటైతే దొరికేది ఎక్కువగా పక్కదాని గూడు. పిల్లలు బయటికి వచ్చేటప్పుడూ, అంటే నలభై అయిదు నుంచి అరవై రోజుల తర్వాత, అదే లెక్క. గుంపు నడుమ దూరి పక్కవాణ్ణి వేటగాడికి అడ్డం పెట్టుకోవడం గురించి బ్రిటిష్ జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ 1971లో ఒక వ్యాసమే రాశాడు, దాన్ని స్వార్థపు మంద అంటారు. ఖర్చూ లాభమూ ఒకరివే అయితే ఇక వేరే వివరణ వెతకక్కర్లేదు. చేపల గుంపులకి, గొర్రెల మందకి, రాత్రిపూట ఒకే చెట్టు మీద వాలే కొంగలకి కూడా ముందు ఇదే వేసి చూడండి.

చుట్టరికం లెక్క

నాకు ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. 1964లో ఇదే హామిల్టన్ ఇచ్చిన సూత్రం: సంబంధం × లాభం, ఖర్చు కన్నా ఎక్కువైతే ఆ గుణం నిలుస్తుంది. సంబంధం అంటే ఒక జన్యువు ఇద్దరిలోనూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండే అవకాశం. అన్నదమ్ముల మధ్య సగం, కజిన్ల మధ్య ఎనిమిదో వంతు. పిల్లలు ఎప్పుడూ అడిగేది: "మనుషులందరి డీఎన్‌ఏ 99.9 శాతం ఒకటే కదా సార్, అప్పుడు అందరూ చుట్టాలే కదా?" కాదు. అందరికీ ఉన్నది పోటీలో లెక్కకు రాదు. ఊళ్ళో సగటు మనిషితో పోలిస్తే నీ తమ్ముడితో ఎంత ఎక్కువ పంచుకుంటున్నావన్నదే లెక్క.

ఇక్కడ మన తెలుగు వాళ్ళకి ఒక తమాషా చిక్కు ఉంది. పిన్ని కొడుకుని తమ్ముడంటాం, మేనమామ కొడుకుని బావ అంటాం. ఒకరితో పెళ్ళి మాట ఎత్తితే ఇంట్లో రణరంగమే, రెండో వాడితో అయితే శుభలేఖలు కొట్టిస్తారు. జన్యువుల లెక్కలో ఇద్దరూ ఎనిమిదో వంతే. పైగా మేనరికాలు ఉన్న ఇళ్ళలో సంబంధం రెండు దారుల్లో వచ్చి కలుస్తుంది, కజినే ఎనిమిదో వంతు దాటిపోతాడు. అందుకే మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రాన్ని వరసల పట్టికలా వాడితే బోల్తా పడతారు. జన్యువులకి వరసలు తెలియవు, మనుషులేమో వరసల ప్రకారమే మెలుగుతారు.

మరి తేనెటీగ? మా వీధి చివర నీళ్ళ ట్యాంకు కింద ఏటా పెద్ద తేనెటీగల పట్టు పడుతుంది. కాస్త దూరం నుంచి చూడండి, దగ్గరికి మాత్రం పోవద్దు. పట్టు పైన పరదాలా పరుచుకుని ఉన్న ఈగలు, కందిరీగ దగ్గరికి రాగానే, ఒకదాని తర్వాత ఒకటి పొట్ట పైకెత్తి దింపుతాయి. పట్టంతా నల్లటి అల సర్రున పాకినట్టు ఉంటుంది, రెప్పపాటులో అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. కందిరీగ వెనక్కి తగ్గుతుంది. అదీ చాలకపోతే కుడతాయి. ముల్లుకి వెనక్కి తిరిగిన పళ్ళు ఉంటాయి, అది మన చర్మంలోనే దిగబడిపోయి, విషసంచితో సహా ఈగ ఒంట్లోంచి ఊడి వస్తుంది, ఈగ చస్తుంది. కుట్టిన చోట పండిన అరటిపండులాంటి వాసన వస్తుంది, ఆ వాసనే మిగతా వాటికి 'ఇక్కడే కుట్టండి' అన్న కబురు. కుట్టించుకున్నవాళ్ళు అక్కడే నిలబడి చేత్తో విసురుకోకుండా పరుగు తీయాల్సింది అందుకే.

పరీక్షలో దీనికి జవాబుగా రాయించేది మూడు వంతులు అన్న లెక్క. మగ ఈగ తండ్రి లేని గుడ్డులోంచి పుడుతుంది కాబట్టి ఒకే తండ్రి బిడ్డలైన అక్కచెల్లెళ్ళ మధ్య సంబంధం నాలుగింట మూడు వంతులు, కన్నబిడ్డతో కన్నా ఎక్కువ, అందుకే చెల్లెళ్ళ కోసం ప్రాణం ఇస్తుంది అని. మార్కుల కోసం రాయండి, కానీ పూర్తిగా నమ్మొద్దు. రాణి ఈగ ఒక్క మగ ఈగతో కలిసి ఊరుకోదు, పదికి పైగా మగ ఈగలతో కలుస్తుంది, పెద్ద తేనెటీగల్లో ఆ లెక్క ఇంకా చాలా ఎక్కువ. సవతి అక్కచెల్లెళ్ళ మధ్య సంబంధం నాలుగో వంతే. అలా సగటు పడిపోతుంది. అయినా చస్తుంది. ఎందుకంటే సూత్రంలో రెండోవైపు చూడాలి, ఖర్చు వైపు. కుట్టేది కూలి ఈగ, అంటే పట్టులో పనులన్నీ చేసే ఆడది, అది మగదానితో కలవదు. పెడితే గిడితే మగపిల్లలయ్యే గుడ్లు మాత్రం పెట్టగలదు, వాటినీ తోటి కూలి ఈగలే వెతికి తినేస్తాయి, పెట్టెల్లో పెంచే యూరప్ తేనెటీగల్లో 1989 నాటికే దీన్ని చూపించారు. సొంతంగా కనే దారి మూసుకుపోయినదానికి చావు వల్ల పోయేది చాలా తక్కువ. పట్టు పోతే మాత్రం తల్లీ, చెల్లెళ్ళూ, రాబోయే రాణులూ అందరూ పోతారు. పక్క పెట్టె మీద పడి ఎందుకు దోచుకుంటాయన్న ఆ కుర్రాడి ప్రశ్నకీ జవాబు ఇక్కడే ఉంది. పక్క పెట్టెలో ఉన్నది జాతే, చుట్టం కాదు.

జాతి మేలు అనే వివరణని కట్టగట్టి అటకెక్కించడానికి ఇంకో సాక్ష్యం కొండముచ్చులు. గుంపుని కొత్తగా చేజిక్కించుకున్న మగది పాత మగదానికి పుట్టిన పసిపిల్లల్ని చంపేస్తుంది. కర్ణాటకలో ధార్వాడ్ దగ్గర, తర్వాత రాజస్థాన్‌లో మౌంట్ ఆబూలో దీన్ని చూసి రాశారు. ఇందులో జాతికి ఏం మేలు ఉందో ఎవరైనా చెప్తే ట్యూషన్ ఫీజు వెనక్కి ఇచ్చేస్తాను.

ఇంతలో ఇంకో ప్రశ్న వస్తుంది, చుట్టరికం సరే, ముల్లు, విషం, వాసన, అల, ఇంత క్లిష్టమైన ఏర్పాటు ఒక్కసారిగా ఎలా పుట్టింది అని. ఒక్కసారిగా పుట్టలేదు. తేనెటీగ ముల్లు ఒకప్పుడు గుడ్లు పెట్టే గొట్టం, అందుకే ఆడవే కుడతాయి, మగవాటికి ఆ పనిముట్టే లేదు. గుడ్డు పెట్టే గొట్టంతో ఇంకో పురుగు ఒంటిని పొడిచేవి ఉన్నాయి, పొడిచి విషం ఎక్కించి ఆహారాన్ని కదలకుండా చేసేవి ఉన్నాయి, ఒంటరిగా బతుకుతూ ఎన్నిసార్లయినా కుట్టే కందిరీగలు ఉన్నాయి. ప్రతి మెట్టూ ఆ మెట్టు దగ్గరే పనికొచ్చింది, చివర ఏం వస్తుందో ఎవరూ ప్లాను గీయలేదు. కన్ను సంగతీ అంతే. స్వీడన్‌లో నిల్సన్, పెల్గర్ 1994లో లెక్క వేసి చూపించారు, వెలుగు తగిలే చదునైన చర్మపు ముక్క నుంచి, మెట్టుకి ఒక్క శాతం మార్పు చొప్పున వెళ్ళినా, కటకం ఉన్న కన్ను రావడానికి నాలుగు లక్షల తరాల లోపే చాలని. పరోపకారానికి ఒక జన్యువు దొరికిందని వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేయకండి. మనిషి ఎత్తు తేలడానికే డీఎన్‌ఏలో వేల చోట్ల చిన్న చిన్న తేడాలు కలవాలి.

ఇచ్చిపుచ్చుకోవడం

చుట్టరికం లేని చోట మొదట వేసి చూడాల్సింది ఇది. 1971లో అమెరికన్ జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ రాశాడు: ఈరోజు నేను నీకు, రేపు నువ్వు నాకు. ఇది నిలవాలంటే మూడు ఉండాలి. మళ్ళీ మళ్ళీ ఎదురుపడాలి, ఎవరు ఎవరో గుర్తుపట్టాలి, మోసం చేసినవాడు గుర్తుండాలి. గోపాల్‌పూర్ ఒడ్డున పడవ ఖాళీగా వచ్చిన ఇంటికి పక్క పడవ వాళ్ళు కూరకి నాలుగు చేపలు ఇవ్వడం చూశాను. అమ్మకానికి కాదు, కూరకే. డబ్బులు అడగరు. కానీ ఎప్పుడూ తీసుకోవడమే తప్ప ఇవ్వనివాడి పేరు ఒడ్డంతా తెలుసు, మూడోసారికి ఆ చేపలు ఆగిపోతాయి. కోస్టారికాలో రక్తం తాగే గబ్బిలాల మీద జెరాల్డ్ విల్కిన్సన్ 1984లో రాసినదీ ఇలాంటిదే. రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే చచ్చిపోయే ఆ గబ్బిలం, కడుపు నిండి వచ్చినదాని దగ్గర కక్కించుకుని తాగుతుంది, తర్వాత తన వంతు వచ్చినప్పుడు తీరుస్తుంది.

సహకరించాలా, మోసం చేయాలా అని ప్రోగ్రాములు మళ్ళీ మళ్ళీ తలపడే కంప్యూటర్ పోటీ ఒకటి పెట్టించి రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ చూపించినదీ ఇదే, హామిల్టన్‌తో కలిసి 1981లో రాశాడు. గెలిచిన ఎత్తు అతి సాదాది: మొదట మంచిగా ఉండు, ఆ తర్వాత ఎదుటివాడు పోయినసారి చేసినదే నువ్వూ చెయ్యి. దీన్ని ఎక్కడ వాడకూడదంటే, మళ్ళీ కలవని చోట. రైల్లో దాహం వేసిన అపరిచితుడికి నీళ్ళ సీసా ఇస్తే దానికి ఇది చాలదు. అలాగే తేనెటీగకి కూడా. చచ్చినది ఎలాగూ బాకీ వసూలు చేసుకోలేదు.

మిగతా రెండూ కాస్త త్వరగా

మా గంజాం జిల్లాలోనే భేట్నోయి వైపు పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. కుక్క కనబడగానే పారిపోకుండా నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడిచేలా ఎగురుతాయి, మిగతావాటికి హెచ్చరిక అని చెప్పుకుంటారు. ఉండొచ్చు. కానీ 1975లో ఇజ్రాయెల్ జీవశాస్త్రవేత్త అమోట్జ్ జహావి ఇచ్చిన వివరణ వేరు: ఖర్చయ్యే పని చేయగలగడమే గొప్ప, అది వేటగాడితో చెప్పే మాట, 'నాలో దమ్ముంది, నా వెంట పడి టైం వేస్ట్ చేసుకోకు' అని. ఆఫ్రికాలో థామ్సన్ గజెల్ అనే జింకల మీద 1988లో వచ్చిన పరిశీలన దీనికి దగ్గరగా ఉంది, అడవికుక్కలు తక్కువ ఎగిరేవాటినే ఎంచుకుని తరుముతున్నాయి. పని చేసినదానికే లాభం తిరిగొస్తోందా, చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, బలహీనమైనది ఆ పనిని నటించలేదా? మూడింటికీ అవునంటే ఈ వివరణ, దీన్ని సంకేతం అందాం. పెళ్ళిలో వెయ్యి మందికి భోజనం పెట్టేవాళ్ళ గురించి కూడా నాకు ఇదే గుర్తొస్తుంది, అది వేరే కథ.

ఇక గుంపు ఎంపిక, అంటే ఒక్కో జీవి కాక గుంపులే గుంపులతో పోటీపడి నెగ్గుతాయన్న వివరణ. దీని పేరెత్తితే జీవశాస్త్రవేత్తలు కొట్టుకుంటారు. 2010లో నేచర్ పత్రికలో నోవాక్, టార్నిటా, ఈ.ఓ. విల్సన్ కలిసి చుట్టరికం లెక్క అక్కర్లేదన్నట్టు రాస్తే, మరుసటి ఏడు 137 మంది సంతకాలతో తిరుగు జవాబు వచ్చింది. నా మట్టుకు నాకు అర్థమైంది ఏమిటంటే, గుంపుల మధ్య తేడాగా కూడినా, చుట్టరికంగా కూడినా చాలావరకు మొత్తం ఒకటే వస్తుంది, ఏది సులువుగా కూడగలిగితే అది వాడుకోవచ్చు. సులువుగా కూడగలిగిన చోటు ఒకటి కోళ్ళఫారం. అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీలో విలియం మ్యూర్, బాగా గుడ్లు పెట్టే ఒక్కో కోడినీ ఏరడం మానేసి, మొత్తంగా బాగా పెట్టిన బోనునే ఏరి తర్వాతి తరానికి వాడాడు. ఒక్కో కోడినే ఏరితే గెలిచేది పక్కవాటిని పొడిచి తిండి లాక్కునే రౌడీ కోడి. బోనుల్ని ఏరిన కొద్ది తరాల్లోనే పొడుచుకుని చావడం 68 శాతం నుంచి తొమ్మిది శాతం దగ్గరికి పడిపోయింది, గుడ్లూ పెరిగాయి. ఆంధ్రా నుంచి గుడ్ల లారీలు ఆగితే ఇక్కడ రేటు ఎగిరిపోయే మా బోటివాళ్ళకి ఇది బాగా నచ్చే ఉదాహరణ. కానీ చూడండి, అక్కడ గుంపుల్ని ఏరడానికి మ్యూర్ ఉన్నాడు. అడవిలో ఆ పని ఎవరు చేస్తున్నారో, ఒక గుంపులోది ఇంకో గుంపులోకి ఎంత తరచుగా పోతోందో చెప్పలేనివాళ్ళు ఈ మాట వాడకపోవడమే మంచిది. గుంపు ఎంపిక అని చెప్పి జాతి మేలుని దొడ్డిదారిన లోపలికి తెచ్చేవాళ్ళే ఎక్కువ.

ఎవరికి ఏది? ప్లస్ టూ, నీట్ రాసేవాళ్ళకి చుట్టరికం లెక్క, ఇచ్చిపుచ్చుకోవడం బాగా వస్తే చాలు, మిగతావి పేర్లు తెలిస్తే సరిపోతుంది. టీచర్లయితే తాబేళ్ళతో మొదలుపెట్టండి, తేనెటీగతో మొదలుపెడితే నాలాగే ఇరుక్కుంటారు. ఇంట్లో వాదనలకి, అంటే మనుషులంతా స్వార్థపరులే అని తేల్చేసే బాబాయిలతో, వీటిలో ఏదీ వాడకండి. జన్యువు ఎలా నిలిచింది అన్నదానికీ మనిషి ఏమనుకుని చేశాడు అన్నదానికీ సంబంధం వాళ్ళు అనుకున్నంత నేరుగా ఉండదు.

భేట్నోయి రైతుల సంగతే తీసుకోండి. జింకలు వాళ్ళ పైరు మేస్తాయి, వాళ్ళు తరమరు, అవి ఉంటే వానలు పడతాయని నమ్మకం. చుట్టరికం లేదు, జింక ఏమీ తిరిగి ఇవ్వదు, చూసి మెచ్చుకునేవాళ్ళు ఉన్నారేమో కానీ అది తర్వాతి మాట. పిల్లల చేత బోర్డు మీద వివరణకొక గడి చొప్పున గడులు గీయించి, ఇది ఏ గడిలోకి వస్తుందో చెప్పమంటాను. గొడవ పడనిస్తాను.

చివర్లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌ని ఇస్తాను. అన్నదమ్ములు ఇద్దరి కోసమో, కజిన్లు ఎనిమిది మంది కోసమో అయితే ప్రాణం ఇస్తానని సరదాగా అన్నాడని చెప్పుకునే ఆ జె.బి.ఎస్. హాల్డేనే. హామిల్టన్ సూత్రానికి ముందే, 1955లో, ఏట్లో మునిగిపోతున్న పిల్లవాడి కోసం దూకే గుణం గురించి లెక్క వేసి రాశాడు. తను నిజంగా రెండుసార్లు మునిగేవాళ్ళని లాగినప్పుడు మాత్రం ఆ లెక్క వేసే టైం లేదని కూడా అందులోనే రాశాడు. ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చి, పౌరసత్వం తీసుకుని, పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు లాంటివాళ్ళకి జన్యుశాస్త్రం నేర్పి, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఒంటిని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇమ్మని ముందే రాసిపెట్టాడు. భువనేశ్వర్ నుంచి కాకినాడకి రైలు ఎక్కితే నడుమ మా ఊరు వస్తుంది.

పోయిన బ్యాచ్‌లో ఒక అమ్మాయి సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. కాకినాడ పిల్లలు ఆయనకి చుట్టాలు కాదు. తిరిగి ఇచ్చేదీ లేదు. సంకేతం అందామంటే, చనిపోయాక ఎవరికి? "ఆయనకి పిల్లలున్నారా సార్?" అని అడిగింది. లేరన్నాను. గడులన్నీ వదిలేసి, బోర్డు అంచున, చెక్క ఫ్రేము పక్కన హాల్డేన్ అని చిన్నగా రాసి వెళ్ళి కూర్చుంది. నేను దాన్ని చెరపలేదు, తర్వాతి బ్యాచ్‌కి కెమిస్ట్రీ మాస్టారు వచ్చి చెరిపేశారు.